శివారు మడికి నీరు, డిక్కీలో ఊఫర్‌కి కరెంటు

దసరా వెళ్లిన మొదటి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసకేస్తే రాలనంత జనం. పండక్కి వచ్చిన బళ్లన్నీ సందుల్లో ఆగి ఉంటాయి, సగం బళ్లలో పాటలు మోగుతుంటాయి. డిక్కీ ఎత్తి పాట పెట్టిన కారేదైనా రాత్రిపూట కనపడితే, దాని వెనక నిలబడకండి, ముందుకెళ్లి చూడండి. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారి, మళ్లీ తేరుకుంటాయి.

మా మనవడు అది చూసి, "తాతా, లైట్లు కూడా తాళం వేస్తన్నాయి. ఏటది, కొత్త సెట్టింగా?" అని అడిగేడు.

"సెట్టింగు కాదురా. కరెంటు చాలక" అన్నాను.

వాడికి ఓ చిన్న కారు ఉంది. అందులో వెయ్యి వాట్ల యాంప్లిఫయరూ, పన్నెండంగుళాల సబ్ ఊఫరూ పెట్టించాలని ముచ్చట. ముచ్చట మంచిదే. పాట బాగా వినాలనుకోవడం కన్నా మంచి కోరిక ఏముంటుంది? కాకపోతే వాడు డబ్బులన్నీ ఆ డబ్బాకీ ఊఫరుకీ లెక్క కట్టేసుకున్నాడు. తీగకీ, ఎర్త్‌కీ, ఆల్టర్నేటరుకీ పైసా లేదు. అందుకని కూచోబెట్టి ఈ కబుర్లన్నీ చెప్పవలసి వచ్చింది.

ముందు శబ్దానికి ఎంత శక్తి కావాలో చూద్దాం. చాలా కొంచెం. మనిషి గొంతెత్తి అరిస్తే గాలిలోకి వెళ్లే శబ్దశక్తి వాటులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. తప్పెటగుళ్లు వాళ్లు గుండెకి కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ గెంతుతుంటే ఊరి చివరి ఇంటికి వినపడుతుంది కదా, ఆ జట్టు మొత్తం కలిసినా గాలికిచ్చే శక్తి మన ఇంట్లో చిన్న బల్బు తినేదానికి తూగదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. మైకులు లేని ఆ రోజుల్లో ఆయన హరికథని వందలమంది కూచుని విన్నారు. అదే కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు మోగింది. ఆ కమానుకి ఏ బ్యాటరీ కట్టేరు?

మరి కారులో పాటకి వెయ్యి వాట్లెందుకు? రెండు కారణాలు. ఒకటి, స్పీకరు మహా దుబారా మనిషి. కార్లలో పెట్టే చాలా ఊఫర్లు తమకిచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు కూడా శబ్దంగా మార్చవు. మిగతాదంతా లోపలి కాయిల్లో వేడి అయిపోతుంది. రెండోది మన చెవి. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది 'కాస్త పెరిగింది' అన్నట్టే ఉంటుంది. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే శక్తి పదింతలు కావాలి. అంటే 100 వాట్ల సెట్టు తీసి 1000 వాట్లది పెట్టినవాడికి పాట పదింతలు వినపడదు, రెండింతలే వినపడుతుంది. పైగా డోలు, బేస్ లాంటి అడుగు స్వరాలు మన చెవికి మందంగా వినిపిస్తాయి. వాటిని గుండెకి తగిలేలా వినాలంటే చాలా గాలిని కదపాలి. వాట్లన్నీ వెళ్లేది అక్కడికే.

ఇప్పుడు డబ్బాల మీద అంకెల సంగతి. కారు డెక్కు మీద 'ఛానెల్‌కి 50 వాట్లు' అని రాసి ఉంటుంది. లెక్క వేసి చూడు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో కరెంటు ఎంత బాగున్నా 14.4 వోల్టులు. తరంగం అటు 14.4, ఇటు 14.4 ఊగిందనుకున్నా దాని ఆర్ఎంఎస్, అంటే నికరంగా పనిచేసే విలువ 10.2 వోల్టులు. స్పీకరు నిరోధం 4 ఓములు. 10.2ని 10.2తో హెచ్చవేసి 4తో భాగిస్తే 26 వాట్లు. బ్యాటరీ వోల్టేజీ మీద నేరుగా నడిచే డెక్కు శుద్ధంగా పాడగలిగే హద్దు అది. నిజానికి లోపలి నష్టాలు పోగా 20 దగ్గరే ఆగుతుంది. 50 అన్నది పాట చితికిపోయినప్పటి అంకె. కొనేటప్పుడు ఆర్ఎంఎస్ ఎంత అని అడగాలి. 'మాక్స్', 'పీక్' అన్న అంకెల్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

అంతకన్నా ఎక్కువ కావాలంటే వోల్టేజీ పెంచాలి. బయట పెట్టే యాంప్లిఫయరు లోపల చేసేది మొదట అదే. బ్యాటరీ ఇచ్చిన పన్నెండు, పద్నాలుగు వోల్టుల్ని ముక్కలు ముక్కలుగా కోసి, ట్రాన్స్‌ఫార్మర్ మీద పెంచి, ఆ పెంచిన వోల్టేజీతో స్పీకర్ని తోస్తుంది. ఇది పాత యుక్తే. 1930లో అమెరికాలో గాల్విన్ అన్నదమ్ములు మోటరోలా అన్న పేరుతో కారు రేడియో అమ్మడం మొదలుపెట్టేరు. ఆ కాలం కార్లలో చాలావాటికి బ్యాటరీ 6 వోల్టులే, రేడియోలోని వాల్వులకి కావలసింది వందకి పైన. అందుకని వైబ్రేటర్ అని ఓ చిన్న కదిలే రేకు కరెంటుని గబగబా తెంచుతూ కలుపుతూ ఉండేది. ఇప్పుడా రేకు పని ట్రాన్సిస్టర్లు చేస్తున్నాయి.

వోల్టేజీ పెంచడం వరకూ సరే, శక్తి మాత్రం ఊరకే పుట్టదు. వెయ్యి వాట్లు స్పీకరుకి పంపాలంటే నూటికి ఎనభై పాళ్లు సద్వినియోగం చేసే క్లాస్ డి యాంప్లిఫయరు కూడా 1250 వాట్లు తాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర అది 90 ఆంపియర్లు. పాత క్లాస్ ఏబీ రకమైతే 120 దాకా పోతుంది. ఇంజను తిప్పితే కరెంటు పుట్టించేది ఆల్టర్నేటరు. మన చిన్న కార్లలో కంపెనీ ఇచ్చేవి ఇంచుమించు 65 నుంచి 90 ఆంపియర్లవి. అది కూడా ఇంజను చురుగ్గా తిరిగినప్పటి మాట. ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు అందులో సగం వస్తే గొప్ప. బానెట్ కింద వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆ వచ్చినదాంట్లోంచే హెడ్‌లైట్లు, ఏసీ, రేడియేటరు ఫ్యాను, పెట్రోలు పంపు, ఇంజను కంప్యూటరు తమ వాటా తీసుకుంటాయి. మిగిలింది పాటకి.

దీన్ని నువ్వు రైతు బుర్రతో ఆలోచిస్తే వెంటనే అర్థమవుతుంది. ఆల్టర్నేటరు అంటే ఏరు. బ్యాటరీ చెరువు. ముందు బ్యాటరీ నుంచి వెనక డిక్కీ దాకా వెళ్లే తీగ కాలువ. డిక్కీలో ఉన్న యాంప్లిఫయరు శివారు మడి. గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార నిండుగా ఉన్నా, ఎడమ కాలువ శివారున టెక్కలి అవతల రైతుకి తడి అందని ఏళ్లు మన జిల్లాలో ఎవరికి తెలియవు? చెరువు ఎంత పెద్దదైనా ఏరు పారకపోతే నిండదు. ఏరు పారినా కాలువ ఇరుకైతే శివారుకి చేరదు. మన వాళ్లు చేసే తప్పల్లా, పెద్ద బ్యాటరీ వేయించేస్తే సరిపోతుందనుకోవడం. అది చెరువు గట్టు ఎత్తు పెంచడమే. నీరు ఎక్కడిది?

ఇక లైట్లు మసకబారే గుట్టు. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటరు 14 వోల్టుల పైన నిలబెడుతుంది. నిండు బ్యాటరీ సొంత వోల్టేజీ 12.6. సీసం పలకల జోడీ ఒక్కోటి 2.1 వోల్టులు, అలాంటివి ఆరు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే చేసిన సీసం, గంధకామ్లం రసాయనమే ఇప్పటికీ నడుస్తోంది. ఎత్తులో ఉన్నవైపు నుంచే పల్లానికి పారాలి కదా. కాబట్టి వోల్టేజీ 14 మీద ఉన్నంతవరకూ బ్యాటరీ బయటికి ఒక్క ఆంపియరు ఇవ్వదు, పైగా తనే తాగుతుంటుంది. డోలు దెబ్బ పడ్డ క్షణంలో ఆల్టర్నేటరు ఇవ్వగలిగిందానికన్నా ఎక్కువ అడిగేసరికి వోల్టేజీ దభీమని 12.5కి దిగుతుంది. అప్పుడుగానీ బ్యాటరీ అందుకోదు. ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజీ తగ్గినదానికన్నా చాలా ఎక్కువ వేగంగా పడిపోతుంది. 14.2 నుంచి 12.5కి వోల్టేజీ తగ్గింది నూటికి పన్నెండు పాళ్లే, వెలుతురు మాత్రం మూడోవంతు పోతుంది. మన కంటికి కనపడింది అదే. ఎల్ఈడీ దీపాలున్న కారులో ఈ మినుకు కనపడకపోవచ్చు. వాటికి లోపలే కరెంటు సర్దుకునే సర్క్యూటు ఉంటుంది. కనపడనంత మాత్రాన కరువు లేదని కాదు.

ఇక్కడో ఊరట కూడా ఉంది. పాట నిలకడ శబ్దం కాదు. డోలు దెబ్బకీ దెబ్బకీ నడుమ ఖాళీ ఉంటుంది. వెయ్యి వాట్ల సెట్టు ఫుల్లు వాల్యూమ్ పెట్టినా సగటున తాగేది అందులో మూడో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. కాబట్టి సగటుని ఆల్టర్నేటరు మోయాలి, దెబ్బల్ని బ్యాటరీ మోయాలి, తీగలు మాత్రం దెబ్బకి సరిపడా ఉండాలి. ఆ చివరి మాట దగ్గరే మన మెకానిక్ షాపుల్లో చాలా సెట్లు చతికిలబడతాయి.

తీగ లెక్క చేద్దాం, రా. బ్యాటరీ నుంచి డిక్కీకి అయిదు మీటర్లు అనుకో. షాపులో దొరికింది కదా అని ఇంట్లో వైరింగుకి వాడే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసేడనుకో. దాని నిరోధం ఓములో నూటికి రెండు వంతులు. చాలా తక్కువే అనిపిస్తుంది. 90 ఆంపియర్లు పారితే అందులోనే 1.9 వోల్టులు హరించుకుపోతాయి. సుమారు 175 వాట్లు ఆ తీగ వేడెక్కడానికే ఖర్చు. ముందు 13.8 ఉంటే వెనక 11.9 చేరుతుంది. అది కార్పెట్ కింద నుంచి వెళుతుంది, పైన మన పిల్లలు కూచుంటారు. అదే 25 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.3 వోల్టు, 28 వాట్లు. రాగి ధర చూసి గుండె గుభేలుమంటుంది, ఒప్పుకుంటాను. కానీ నన్నడిగితే యాంప్లిఫయరు ఒక మెట్టు చిన్నది కొని తీగ ఒక మెట్టు లావుది వేయించుకో అంటాను.

తీగ కొనేటప్పుడు బ్లేడుతో ఒక పోగు గీకి చూడు. లోపల తెల్లగా కనపడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అల్యూమినియం రాగిలో నూటికి అరవై పాళ్లే కరెంటు మోస్తుంది. వాడకూడదని కాదు, వాడితే ఇంకా లావుది వేయాలి. అమ్మేవాడు ఆ సంగతి చెప్పి అమ్మాలి.

ఇంకో సగం సంగతి ఎవరికీ పట్టదు. కరెంటు వెళ్లినంతా తిరిగి రావాలి. తిరుగు దారి కారు బాడీ మీదుగా. వెనక ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకకుండా బిగించేస్తారు. పెయింటు కరెంటుని ఆపుతుంది. ఆ అతుకులో ఓములో వందో వంతు నిరోధం మిగిలినా, 90 ఆంపియర్లకి 0.9 వోల్టు అక్కడే పోతుంది, 80 వాట్ల వేడి ఆ ఒక్క బోల్టు మీద. ఇనుము మెరిసేదాకా గీకి, లగ్గు బాగా క్రింప్ చేసి, నట్టు గట్టిగా బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు రాయాలి. ముందు వైపు కూడా కంపెనీ వేసిన మూడు తీగలు ఉంటాయి. ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి ఒకటి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒకటి, ఇంజను నుంచి బాడీకి ఒకటి. అవి కంపెనీ సామాన్లకి సరిపడా వేసినవి. పెద్ద సెట్టు పెట్టేవాళ్లు వాటి పక్కనే లావు తీగలు అదనంగా వేసుకోవాలి. కొత్త రకం కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద ఓ చిన్న సెన్సారు ఉంటుంది. అలాంటి బండిలో ఎర్త్ తీగ బ్యాటరీ మీద కాకుండా బాడీ వైపునే కలపాలి, లేకపోతే వెళ్లే కరెంటు ఆ సెన్సారు లెక్కలోకి రాదు, కంప్యూటరు ఛార్జింగు తప్పుగా నడిపిస్తుంది.

మన జిల్లాలకి ఉప్పుగాలి బెడద ఒకటి. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బళ్ల టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. అదీ నిరోధమే. నెగటివ్ ముందు విప్పి, తరవాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరేక పెట్రోలియం జెల్లీ రాయి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖర్న. ఇది ఖర్చు లేని పని. చాలా బళ్లలో సగం రోగం దీంతోనే పోతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఒక్క అక్షరం వదలకుండా విను. ఫ్యూజు. బ్యాటరీ పాజిటివ్ నుంచి మూరెడు దూరం లోపలే, అంటే పద్దెనిమిది అంగుళాల్లోపే ఉండాలి. డిక్కీలో యాంప్లిఫయరు పక్కన పెట్టిన ఫ్యూజు యాంప్లిఫయర్ని కాపాడుతుంది. ముందున్న ఫ్యూజు తీగనీ, కారునీ, అందులో మనుషుల్నీ కాపాడుతుంది. తీగ బానెట్ నుంచి లోపలికి వచ్చే చోట రేకుకి కన్నం ఉంటుంది. ఆ అంచు కత్తిలా ఉంటుంది. అక్కడ రబ్బరు గ్రోమెట్ లేకపోతే గతుకుల రోడ్డు మీద ఒరుసుకుని ఒరుసుకుని తొడుగు తెగుతుంది, రాగి వెళ్లి రేకుని తాకుతుంది. బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. మధ్యలో ఫ్యూజు లేదా, తీగ ఎర్రగా కాలి నిప్పు అంటుకుంటుంది. 90 ఆంపియర్ల సెట్టుకి, 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి 100 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు పోతోందని దాని స్థానంలో పెద్దది వేసేవాణ్ణి, తీగ చుట్టేవాణ్ణి నీ బండి దగ్గరికి రానివ్వకు. ఇన్సూరెన్సు సంగతి కూడా చూసుకో. కంపెనీ బిగించి ఇవ్వని ఎలక్ట్రికల్ సామాను పాలసీలో చూపించి అదనపు ప్రీమియం కడితేనే దానికి రక్షణ.

కెపాసిటర్ సంగతి వాడే అడిగేడు. "ఒక ఫేరడ్‌ది పెట్టేస్తే లైట్లు ఆడవంట కదా తాతా?" లెక్క చూడు. ఒక ఫేరడ్ కెపాసిటరు 14 నుంచి 12 వోల్టులకి దిగేలోపు ఇచ్చే శక్తి 26 జౌళ్లు. 1250 వాట్లు తాగే సెట్టుకి అది సెకనులో యాభయ్యో వంతుకి సరిపోతుంది. డోలు దెబ్బ అంతకన్నా పొడుగు. తళుకుమనే నీలం డిస్‌ప్లే ఉన్న ఆ గొట్టానికి పెట్టే డబ్బు తీగకి పెట్టు.

అన్నీ అయ్యేక షాపులోనే మల్టీమీటరు పెట్టించి చూడు. ఇంజను ఆన్, పాట ఆఫ్: బ్యాటరీ మీద 13.8కీ 14.4కీ మధ్య ఉండాలి. కొత్త కార్లలో కంప్యూటరు పెట్రోలు ఆదాకి ఆల్టర్నేటర్ని కాసేపు తగ్గిస్తుంది, అప్పుడు 12 చిల్లర కనపడితే కంగారు పడకు. తరవాత పాట గట్టిగా పెట్టి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది యాంప్లిఫయరు ఎర్త్ మీద పెట్టు. ఓ పదోవంతు వోల్టు కనపడితే బాగున్నట్టే, అర వోల్టు కనపడిందంటే ఎర్త్ మళ్లీ విప్పాలి. అలాగే పాజిటివ్ నుంచి పాజిటివ్‌కి. ఈ రెండు కొలతలూ చూపించే ఎలక్ట్రీషియన్ దొరికేడంటే వాణ్ణి వదులుకోకు. అప్పటికీ బ్యాటరీ దగ్గరే వోల్టేజీ పడిపోతుంటే, అప్పుడు ఆల్టర్నేటరు మార్చే మాట ఆలోచించవచ్చు. అది మారిస్తే దాని బరువు బెల్టు మీదా ఇంజను మీదా పడుతుంది. 1250 వాట్లు నిలకడగా తీయాలంటే, ఆల్టర్నేటరు నష్టాలతో కలిపి, ఇంజను మీంచి దగ్గర దగ్గర మూడు గుర్రాల బలం పోతుంది. గంటకి ఇంచుమించు లీటరు పెట్రోలు పాటకే.

కరెంటు చాలని సెట్టు ఇంకో కీడు కూడా చేస్తుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు యాంప్లిఫయరు తరంగం పైకొసని పూర్తిగా గీయలేదు, కత్తిరించేస్తుంది. పాట గరగరలాడుతుంది. వినేవాడు చాలటం లేదని ఇంకా పెంచుతాడు. కొసలు తెగిన తరంగంలో సగటు శక్తి ఎక్కువ, దాంతో స్పీకరు కాయిల్ మాడుతుంది.

చెవుల మాట చెప్పకుండా వదలలేను. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించగలిగే చెవి, 100 దగ్గర పావుగంటే భరిస్తుంది. మూసిన కారులో 100 దాటడం చిటికెలో పని. లోపల పోయిన వినికిడి కణాలు మళ్లీ మొలవవు. బయట మనుషులు కూడా ఉన్నారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు, రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా లౌడ్‌స్పీకరు కూడదు. ఇంట్లో పసిబిడ్డో, గుండెజబ్బు ముసలాయనో ఉన్న సందులో డీజే బండి నిలబడితే ఏమవుతుందో చూసినవాణ్ణి, అందుకే అంత గట్టిగా అంటున్నాను.

చివరికి వాడికి నేను చెప్పిన పద్ధతి ఇది. ఏరు పెంచడానికీ, కాలువ తవ్వడానికీ ముందు, పంట తాగే నీరు తగ్గించవచ్చేమో చూడు. వరి మాని చోడి వేసినట్టు. స్పీకరు డబ్బా మీద 'సెన్సిటివిటీ' అని ఓ అంకె ఉంటుంది. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో చెప్పేది. 86 ఉన్నదానికి వెయ్యి వాట్లు పెట్టి తెచ్చే శబ్దాన్ని, 92 ఉన్నది 250 వాట్లతో తెస్తుంది. చెక్క పెట్టె గాలి చొరకుండా, ఊఫరుకి తగ్గ కొలతలో చేయిస్తే ఇంకా కలిసొస్తుంది. శ్రీకాకుళంలో మంచి వడ్రంగులున్నారు, కొలత ఇస్తే మిల్లీమీటరు తప్పకుండా కోస్తారు. 250 వాట్లకి కావలసింది 23 ఆంపియర్లు. అది కంపెనీ ఆల్టర్నేటరే ఇస్తుంది, 10 చదరపు మిల్లీమీటర్ల తీగా, 40 ఆంపియర్ల ఫ్యూజూ సరిపోతాయి. మిగిలిన డబ్బుతో డిక్కీ తలుపుకి డ్యాంపింగ్ షీటు అతికించమన్నాను. రేకు అదురు ఆగితే బేస్ ఇంకాస్త బాగా వినపడుతుంది.